నిలబడ్డ కాలిలో నెత్తురు

కాలి మీద తేలిన నరం చిట్లి నెత్తురు కారుతుంటే పక్కనున్నవాళ్లకు మొదట తోచేది తువ్వాలు తీసి మోకాలి కింద బిగించి కట్టడం. పాము కరిస్తే కట్టే పాత అలవాటు అది. మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి, కాలు కిందికి వేలాడదీసి, ఆటో కోసం చూస్తారు. నెత్తురు ఆగదు. ఇంకా గట్టిగా బిగిస్తారు. ఇంకా ఎక్కువ వస్తుంది. ఇలా చిట్లిన సిర నుంచి నెత్తురు పోయి మనుషులు చనిపోయిన ఉదంతాలు వైద్య పత్రికల్లో నమోదై ఉన్నాయి. అరుదైన మరణాలే, కానీ చేతిలో గుడ్డముక్క ఉన్న ఎవరైనా ఆపగలిగిన మరణాలు.

చేయాల్సింది ఇది. మనిషిని ఉన్నచోటే నేల మీద పడుకోబెట్టాలి. కాలు ఎత్తి, గుండె కంటే పైకి ఉండేలా బియ్యం మూట మీదో, పక్కవాళ్ల భుజం మీదో ఆనించాలి. చిట్లిన చోట మీదనే శుభ్రమైన గుడ్డ పెట్టి, పది పదిహేను నిమిషాలు చెయ్యి తీయకుండా నొక్కి పట్టాలి. మధ్యలో ఆగిందా లేదా అని గుడ్డ ఎత్తి చూడకూడదు. చాలా సందర్భాల్లో ఇంతటితోనే ఆగుతుంది. ఆ తర్వాత ఆ గుడ్డ మీదే కట్టు కట్టి, పడుకోబెట్టే ఆసుపత్రికి తీసుకుపోవాలి. ఆగకపోతే నొక్కుతూనే 108కి ఫోన్ చేయాలి.

పైన కట్టిన ముడి ఎందుకు చెడు చేస్తుందో తెలిస్తే, కాళ్ల సిరలు ఉబ్బే ఈ జబ్బు సగం అర్థమైనట్టే. గుండె నుంచి కాలికి రక్తం తెచ్చే ధమనులు కండల మధ్య లోతుగా, బలమైన ఒత్తిడితో ఉంటాయి. తిరిగి గుండెకు తీసుకుపోయే సిరలు పలుచని గోడలతో ఉంటాయి, వాటిలో కొన్ని చర్మం కిందనే పరుచుకుని ఉంటాయి. తువ్వాలు ముడి ఆ సిరలను మూస్తుంది, లోపలి ధమనిని మూయలేదు. వచ్చే రక్తం వస్తూనే ఉంటుంది, పోయే దారి మూసుకుంటుంది. పోవడానికి మిగిలేది చిట్లిన ఆ రంధ్రమే. కాలు కిందికి వేలాడితే పైనున్న రక్తం బరువు కూడా దానికి తోడవుతుంది.

ఆ బరువు ఎంతో లెక్క కట్టొచ్చు. సుమారు 1.3 సెంటీమీటర్ల ఎత్తు రక్తం, బీపీ కొలిచే లెక్కలో ఒక మిల్లీమీటరు పాదరసంతో సమానం. మామూలు ఎత్తున్న మనిషిలో గుండె నుంచి చీలమండ దాకా ఇంచుమించు 120 సెంటీమీటర్లు. అంటే కదలకుండా నిలబడ్డ మనిషి చీలమండ దగ్గర సిరలో ఒత్తిడి 90 దాకా ఉంటుంది. పడుకుని కాలు పైకెత్తితే అది దాదాపు సున్నాకు దిగుతుంది. మందు లేదు, సూది లేదు, మనిషి ఉన్న భంగిమ ఒక్కటే ఇంత తేడా తెస్తుంది.

నాలుగు కాళ్ల జంతువులకు ఇంత ఇబ్బంది లేదు. రెండు కాళ్ల మీద లేచి నిలబడ్డ మనిషికి రక్తాన్ని అంత ఎత్తు ఎక్కించే ఏర్పాటు కావలసి వచ్చింది. అందులో సగం కవాటాలు, సగం పిక్క కండ. నెల్లూరు తీరం వెంట పోయే బకింగ్‌హాం కాలువ లాకులు చూసినవాళ్లకు కవాటం సంగతి వేరే చెప్పనక్కర్లేదు. రెండు తలుపులు ఒకదానికొకటి వాలి ఉంటాయి. నీళ్లు ఒకవైపు నుంచి నెడితే తెరుచుకుంటాయి, అవతలివైపు నుంచి నెడితే ఆ నెట్టుడే వాటిని మూసేస్తుంది. సిర లోపల కూడా అలాంటి రెండు పలుచని రెక్కలు, కొంత దూరానికొక జత చొప్పున ఉంటాయి. రక్తం పైకి పోతే దారినిస్తాయి, కిందికి జారబోతే కలుసుకుంటాయి.

ఇటలీలోని పాదువాలో వైద్యం బోధించిన ఫాబ్రిషియస్ ఈ కవాటాలను 1603లో అచ్చేసిన పుస్తకంలో బొమ్మలతో సహా వివరించాడు. కానీ అవి ఎందుకున్నాయో ఆయనకు అంతుపట్టలేదు. కాళ్లలోకి రక్తం ఒక్కసారిగా జారిపోకుండా నెమ్మదింపజేయడానికని అనుకున్నాడు. ఆయన శిష్యుడు విలియం హార్వీ 1628లో అసలు సంగతి తేల్చాడు. హార్వీ చేసిన ప్రయోగానికి పరికరాలేమీ అక్కర్లేదు, ఇంట్లో ఎవరైనా చేసి చూడొచ్చు. చెయ్యి కాసేపు కిందికి వేలాడదీసి, మోచేతికి పైన గుడ్డతో ఒక మోస్తరుగా కట్టండి. ముంజేతి మీద సిరలు లేస్తాయి, వాటి మీద అక్కడక్కడా చిన్న బుడిపెలు కనిపిస్తాయి. ఆ బుడిపెలే కవాటాలున్న చోట్లు. మణికట్టు వైపు సిర మీద ఒక వేలితో నొక్కి పట్టి, రెండో వేలితో రక్తాన్ని మోచేతి వైపు, తర్వాతి బుడిపె దాటేదాకా తుడవండి. రెండో వేలు తీసేయండి. బుడిపెకు పైన సిర నిండుగానే ఉంటుంది, కింద చదునుగా ఖాళీగా ఉంటుంది. పైనున్న రక్తం ఆ గుమ్మం దాటి కిందికి రాదు. ఇప్పుడు మొదటి వేలు కూడా తీయండి, మణికట్టు వైపు నుంచి రక్తం వచ్చి క్షణంలో నింపేస్తుంది. రక్తం ఒక్క దిక్కుకే పోతుందని, శరీరమంతా తిరిగి గుండెకే చేరుతుందని నాలుగు వందల ఏళ్ల కిందట నిరూపించిన సాక్ష్యాల్లో ఇదొకటి. ఇలా కట్టిన కట్టు ఎక్కువసేపు ఉంచకండి.

కవాటం వెనక్కి పోనివ్వదు, అంతే. ముందుకు తోయడానికి బలం కావాలి. ఆ బలం పిక్కది. అడుగు వేసినప్పుడల్లా పిక్క కండ బిగుసుకుని లోపలి సిరలను పిండుతుంది. ఒక్క పిండుడుకు పిక్కలో చేరిన రక్తంలో సగానికి పైగా పైకి పోతుంది. ఏడెనిమిది అడుగులు నడిచేసరికి చీలమండ దగ్గర 90 ఉన్న ఒత్తిడి 30కి, అంతకన్నా తక్కువకు పడిపోతుంది. నడక ఆపితే? ఆరోగ్యంగా ఉన్న కాలిలో కూడా అర నిమిషం, అటు ఇటుగా, అంతే. సిరలు మళ్లీ నిండిపోతాయి, ఒత్తిడి మళ్లీ 90.

ఈ అర నిమిషం లెక్కే నాకు ఈ మొత్తం విషయంలో అన్నిటికన్నా ముఖ్యమనిపిస్తుంది. మన వాళ్లు "పొద్దస్తమానం కాళ్ల మీదే పని" అని అన్ని పనుల్నీ ఒకటిగా చెబుతారు. కాలికి మాత్రం అవి ఒకటి కావు. రోజంతా నడిచిన కాలూ, రోజంతా ఒకే చోట నిలబడ్డ కాలూ సాయంత్రానికి ఒకేలా అలసిపోవచ్చు, లోపల సిరల మీద పడిన భారం వేరు.

నెల్లూరు జిల్లా బోగోలు మండలంలోని జువ్వలదిన్నె సముద్రపు ఒడ్డున ఉన్న మత్స్యకారుల ఊరు. అక్కడి పనుల్ని ఈ లెక్కతో చూస్తే సంగతి తేటపడుతుంది. ఒడ్డు నుంచి వల లాగేవాళ్లు మడమలు ఇసుకలో దిగేసి, వెనక్కి ఒక్కో అడుగూ వేస్తూ లాగుతారు. పిక్క బిగుస్తుంది, వదులవుతుంది, మళ్లీ బిగుస్తుంది. గంప నెత్తిన పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగి చేపలమ్మే ఆడవాళ్ల కాళ్లూ అంతే. ఇసుకలో నడక గట్టి నేల మీద నడక లాంటిది కాదు. అదే వేగంతో నడవడానికి రెండు రెట్లకు పైగా శక్తి ఖర్చవుతుందని బెల్జియం పరిశోధకులు 1998లో కొలిచి చూపారు. అడుగడుగునా జారిపోయే ఇసుక పిక్కకు బాగా పని పెడుతుంది. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు అది కష్టమే, సిరలకు మాత్రం మేలే.

ఇక అవతలి పక్క చూడండి. చేపలు రకాలవారీగా ఏరే బల్ల దగ్గర నిలబడేవాళ్లు. ఐసు, చేప వరసలు వేస్తూ పెట్టెలు నింపేవాళ్లు. రొయ్యల ప్లాంట్లలో తడి నేల మీద, గమ్‌బూట్లలో, తలకాయలు తీస్తూ, తొక్క ఒలుస్తూ, సైజులు వేరు చేస్తూ షిఫ్టంతా నిలబడే ఆడవాళ్లు. చేతులు క్షణం ఆగవు, కాళ్లు అంగుళం కదలవు. సిరల లెక్కలో ఇంతకంటే కష్టమైన పని లేదు.

2020 నవంబరు 21న, ప్రపంచ మత్స్య దినోత్సవం నాడు, ఉప్పాడ, మచిలీపట్నం, నిజాంపట్నంతో పాటు జువ్వలదిన్నె ఫిషింగ్ హార్బరుకూ శంకుస్థాపన జరిగింది. హార్బరు రావడం మంచిదే. పడవకు నీడ దొరుకుతుంది, సరుకుకు ధర దొరుకుతుంది. కానీ దాని వెంట పని తీరు మారుతుంది. ఇసుక మీది పని సిమెంటు గచ్చు మీదికి వస్తుంది. తిరుగుతూ చేసే పని తగ్గి, వేలం షెడ్డులో, ప్యాకింగులో, ఐసు దగ్గర నిలబడి చేసే పని పెరుగుతుంది. ఊరి కాళ్లకు ఏం జరుగుతుందో ఇప్పుడే ఆలోచించుకోవాలి.

డెన్మార్కులో ఉద్యోగులను పన్నెండేళ్లు వెంబడించి చూసిన అధ్యయనం ఒకటి 2005లో వచ్చింది. పని వేళలో ముప్పాతిక భాగమో అంతకన్నా ఎక్కువో నిలబడి, నడిచి గడిపేవాళ్లు ఉబ్బిన సిరలతో ఆసుపత్రిలో చేరే అవకాశం మిగతావాళ్లతో పోలిస్తే దాదాపు 1.8 రెట్లుంది. ఆడవాళ్లలోనూ మగవాళ్లలోనూ ఇంచుమించు ఒకే నిష్పత్తి.

అయితే నిలబడ్డ ప్రతివాళ్లకూ ఈ జబ్బు రాదు. ఒకే బల్ల దగ్గర ఇరవయ్యేళ్లు పనిచేసిన ఇద్దరిలో ఒకరి కాళ్లు నున్నగా ఉంటాయి, ఇంకొకరికి తొడ నుంచి చీలమండ దాకా నీలం తాళ్లు మెలికలు తిరుగుతాయి. అమ్మానాన్నల్లో ఎవరికైనా ఉంటే పిల్లలకు వచ్చే అవకాశం బాగా పెరుగుతుంది. సిర గోడ బిగువు పుట్టుకతో వచ్చేది. గోడ సాగితే కవాటపు రెక్కలు దూరమై కలుసుకోలేవు. ఒక కవాటం వదిలేస్తే దాని భారం కింది కవాటం మీద పడుతుంది, అదీ వదిలేస్తుంది. అలా పై నుంచి కిందికీ, కింది నుంచి పైకీ పాడవుతూ పోతుంది. వయసు, బరువు పెరిగేకొద్దీ ముప్పూ పెరుగుతుంది. పొడుగు కూడా ఒక కారణమని స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు బ్రిటన్‌లోని దాదాపు 4.9 లక్షల మంది వివరాలు పరిశీలించి 2018లో తేల్చారు. రక్తపు నిలువు లెక్క చూసినవాళ్లకు అది సబబుగానే తోస్తుంది.

గర్భం సంగతి వేరే చెప్పాలి. కడుపుతో ఉన్నప్పుడు ఒంట్లో రక్తం పెరుగుతుంది, హార్మోన్లు సిరల గోడలను వదులు చేస్తాయి, పెరిగే గర్భసంచి కటిలోని పెద్ద సిరలను నొక్కుతుంది. మూడూ ఒకేసారి. కాన్పయ్యాక మూడు నాలుగు నెలల్లో చాలామందికి తగ్గుతుంది. కాన్పు కాన్పుకూ మిగిలేది పెరుగుతుంది. అందుకే ఇది ఆడవాళ్ల జబ్బని పేరు పడింది. ఆ పేరు పూర్తిగా నిజం కాదు. ఎడింబరోలో 18 నుంచి 64 ఏళ్ల వాళ్లను ఆసుపత్రికి వచ్చినా రాకపోయినా పిలిచి పరీక్షించి 1999లో లెక్క ప్రకటించారు. పెద్ద సిరలు ఉబ్బినవాళ్లు మగవాళ్లలో సుమారు 40 శాతం, ఆడవాళ్లలో సుమారు 32 శాతం. మగవాళ్లు డాక్టరు దగ్గరికి పోరు, అంతే.

మన దేశం లెక్క ఒకటుంది. ఎస్.ఎల్. మల్హోత్రా అనే రైల్వే వైద్యుడు దక్షిణాది, ఉత్తరాది రైల్వే కార్మికుల కాళ్లు పరీక్షించి 1972లో ఒక వ్యాసం ప్రచురించారు. దక్షిణాది కార్మికుల్లో నూటికి 25 మందికి సిరలు ఉబ్బి ఉంటే, ఉత్తరాదిలో 7 మందికే. జువ్వలదిన్నె ఉన్న బోగోలు మండలంలోనే బిట్రగుంట ఉంది. ఆవిరి ఇంజన్ల రోజుల్లో పెద్ద లోకో షెడ్డుతో బతికిన రైల్వే ఊరది. ఇంటికొక రైల్వే మనిషున్న అలాంటి చోట ఈ అంకె పరాయిగా వినిపించదు. మల్హోత్రా ఈ తేడాకు కారణం తిండి అన్నారు. పీచు తక్కువున్న తిండితో మలబద్ధకం వస్తుందని, ముక్కినప్పుడు కడుపులో పెరిగే ఒత్తిడి కాళ్ల సిరల మీద పడుతుందని అదే కాలంలో బ్రిటిష్ వైద్యుడు బర్కిట్ కూడా వాదించాడు. తర్వాతి అధ్యయనాల్లో ఆ వాదానికి గట్టి బలం దొరకలేదు. ఒక్క తిండితోనే ఇంత తేడా వస్తుందని నేనూ అనుకోను. కానీ మూడు పూటలా తెల్లన్నం తినే మన నెల్లూరు సీమలో ఆకుకూర, పప్పు, కాయగూర కాస్త పెంచుకుంటే మలబద్ధకమూ బరువూ తగ్గుతాయి. కాళ్లకు నష్టమైతే లేదు.

జబ్బు ఎలా మొదలవుతుందో మన వాళ్లు డాక్టర్ల కన్నా బాగా చెబుతారు. "ఏంలేదులేక్కా, నిలబడి నిలబడి కాళ్లు లాగతుండాయి, పొద్దుగూకేసరికి పిక్కలు రాళ్లయిపోతుండాయి" అని ఆశా కార్యకర్తతో ఒక మాట అని ఊరుకుంటారు. రాత్రి పిక్క పట్టేస్తుంది. సాయంత్రానికి చీలమండ దగ్గర వాపు వస్తుంది, తెల్లారి లేచేసరికి పోతుంది. ఎండాకాలం ఎక్కువవుతుంది, ఎందుకంటే వేడికి సిరలు ఇంకా సాగుతాయి. తర్వాత నీలం తాళ్లు కనిపిస్తాయి. చాలామంది ఈ దశలో ఏళ్ల తరబడి ఉంటారు, కొందరు జీవితాంతం ఇక్కడే ఆగుతారు. అది జబ్బే అయినా భయపడాల్సింది కాదు.

భయపడాల్సింది చర్మం రంగు మారినప్పుడు. చీలమండ లోపలివైపు, ఎముక పైభాగాన, చర్మం గోధుమ రంగుకు, తర్వాత నల్లగా మారుతుంది. ఒత్తిడికి సన్నని రక్తనాళాల నుంచి ఎర్రకణాలు బయటికి కారతాయి, అవి చితికిపోయాక వాటిలోని ఇనుము చర్మంలో మిగిలిపోతుంది. ఆ రంగు ఆ ఇనుముదే. దురద పెడుతుంది, చర్మం తోలులా గట్టిపడుతుంది. అది చర్మవ్యాధి అనుకుని మందుల షాపులో ఏదో ఆయింట్‌మెంటు కొని రాస్తారు. రాసినా తగ్గదు, ఎందుకంటే లోపం చర్మంలో లేదు. ఆ చర్మానికి చేప ముల్లు గీరుకున్నా, రొయ్య కొమ్ము గుచ్చుకున్నా, పడవ చెక్క తగిలినా పుండు పడుతుంది. మామూలు కాలి మీద నాలుగు రోజుల్లో మానే గీత అక్కడ నెలలు, కొందరికి ఏళ్లు పడుతుంది. ఆకుపసర్లు, బూడిద, పసుపు ముద్దలు పెడితే పుండు మురుగుతుందే తప్ప మానదు. ఈ పుండుకు పునాది మందు ఒత్తిడి తగ్గించే కట్టు. పాదం వేళ్ల దగ్గర మొదలుపెట్టి మోకాలి కింద దాకా, కింద గట్టిగా, పైకి పోయేకొద్దీ కాస్త వదులుగా, నేర్చినవాళ్ల చేత కట్టించుకోవాలి.

కోస్తాలో కాలు వాస్తే బోదకాలు అనుకునే అలవాటుంది. బోదకాలు దోమ కాటుతో వచ్చే పురుగు జబ్బు, లింఫు దారులు మూసుకుపోయి వచ్చే వాపు, దానికి చికిత్స వేరు. సిరల వాపు రాత్రి పడుకుంటే తగ్గుతుంది, బోదకాలు వాపు ముదిరాక తగ్గదు. గుండె, కిడ్నీ జబ్బులతో వచ్చే వాపు మామూలుగా రెండు కాళ్లకూ వస్తుంది. అన్నిటికన్నా తొందరపడాల్సింది ఇంకొకటుంది. ఒక్క కాలు, ఒకటి రెండు రోజుల్లోనే వాచి, పిక్క నొప్పెట్టి, వెచ్చబడితే లోతు సిరలో రక్తం గడ్డకట్టి ఉండొచ్చు. ఆ గడ్డ ఊపిరితిత్తులకు చేరితే ప్రాణాపాయం. కాన్పైన కొత్తలో, ఆపరేషను తర్వాత, ఎక్కువ రోజులు మంచం పట్టాక ఇలా వస్తే ఆ రోజే ఆసుపత్రికి పోవాలి. మర్దన చేయకూడదు.

పుట్టుకతో వచ్చిన సిర గోడను మార్చలేం, వయసును ఆపలేం. మార్చగలిగింది ఆ అర నిమిషమే. నిలబడి చేసే పనిలో ఉన్నవాళ్లు కొన్ని నిమిషాలకొకసారి, చేతుల పని ఆపకుండానే, మడమలు పైకి లేపి మునివేళ్ల మీద నిలిచి దించాలి. పదిసార్లు చాలు. పిక్క బిగుసుకోవడం తెలియాలి. అది కుదరనప్పుడు బరువు ఒక కాలి నుంచి ఇంకో కాలికి మార్చడం, పాదం కింద ఇటుకంత ఎత్తు చెక్క ఒకటి పెట్టుకుని ఒక్కో కాలూ మార్చి మార్చి దాని మీద పెట్టడం కూడా పనికొస్తాయి. కుర్చీలో కాళ్లు వేలాడేసి కదలకుండా కూర్చునేవాళ్లకూ పిక్క పనిచేయదు. బస్సు డ్రైవరైనా, కంప్యూటరు ముందు కూర్చున్నవాళ్లయినా పాదం పైకీ కిందికీ ఆడిస్తూ ఉండాలి. ఇంటికొచ్చాక పావుగంట పడుకుని, కాళ్లు గోడకు ఆనించి గుండె కంటే పైకి ఉంచుకుంటే దినమంతా నిలిచిన రక్తం దిగిపోతుంది. మంచం కాళ్లవైపు రెండు ఇటుకలు పెట్టి ఎత్తుచేసి పడుకోవడం పాత చిట్కానే, మంచి చిట్కా. గుండె జబ్బుతో ఆయాసం వచ్చేవాళ్లు మాత్రం డాక్టరును అడక్కుండా అలా పడుకోకూడదు.

బిగుతు మేజోళ్ల గురించి జాగ్రత్తగా చెప్పాలి. ఉబ్బిన సిరల వల్ల వచ్చే బరువును, వాపును అవి బాగా తగ్గిస్తాయి. పొద్దున మంచం దిగకముందే, కాలు వాయకముందే తొడుక్కోవాలి, రాత్రి తీసేయాలి. పోయిన కవాటాన్ని అవి బాగు చేయలేవు. నెల్లూరు ఎండలో, తడి నేల మీద పనిచేసేవాళ్లకు వాటిని రోజంతా వేసుకోమని చెప్పడం సులువు, వేసుకోవడం కష్టం. షుగరున్నవాళ్లు, ఏళ్ల తరబడి చుట్టలు, బీడీలు తాగినవాళ్లు సొంతంగా కొనుక్కుని వేసుకోవద్దు. వాళ్లలో ధమనులు సన్నబడి పాదానికి వచ్చే రక్తమే తక్కువై ఉండొచ్చు. దాని మీద బిగుతు పడితే వేళ్లు చచ్చుబడతాయి. ముందు డాక్టరు పాదంలో నాడి చూసి, చీలమండ దగ్గర బీపీ కొలవాలి.

చికిత్స సంగతి మన ముందు తరానికి తెలిసిన దానికంటే చాలా మారిపోయింది. రోమన్ సేనాని మారియస్ ఒక కాలి సిరలు కోయించుకుని, మత్తు లేకుండా ఆ నొప్పి భరించి, రెండో కాలు ఇవ్వనన్నాడని ప్లూటార్క్ రాశాడు. జర్మన్ సర్జన్ ట్రెండలెన్‌బర్గ్ 1890ల నాటికి తొడ దగ్గర పెద్ద సిరను ముడివేసే ఆపరేషను చేశాడు. తర్వాత నూరేళ్లు గజ్జ దగ్గర కోసి, సిరను తీగతో లాగేయడమే పద్ధతి. మన ఊళ్లలో ఈ ఆపరేషనంటే ఉన్న భయం ఆ కాలానిదే. ఇప్పుడు మోకాలి దగ్గర సూదంత రంధ్రం నుంచి సన్నని తీగ పంపి, లేజరుతోనో రేడియో తరంగాల వేడితోనో పాడైన సిరను లోపలి నుంచే మూసేస్తారు. చిన్న సిరలకు నురగలా చేసిన మందు ఎక్కిస్తారు, ఒక రకం జిగురుతో అతికించే పద్ధతీ ఉంది. చోటు వరకే మత్తు ఇచ్చి చేసే పని, చాలామంది అదే రోజు నడుచుకుంటూ ఇంటికి పోతారు. పాడైన సిరను మూస్తే రక్తం ఎటు పోతుందని అడుగుతారు. కాలి రక్తంలో ఎక్కువ భాగం మోసేది లోతు సిరలే. చర్మం కిందిది మూసుకున్నా అవి చూసుకుంటాయి, అసలు పని చెడగొడుతున్నదే ఆ పాడైన సిర. అందుకే లోతు సిరలు బాగున్నాయో లేదో ముందు చూస్తారు. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు రాసే సంస్థ నైస్ 2013లోనే వేడితో మూసే పద్ధతికి మొదటి స్థానం ఇచ్చింది, కోత ఆపరేషనును చివరికి పెట్టింది.

పుండు పడ్డాక సిరకు చికిత్స చేసి లాభమేంటని ఆలస్యం చేసేవాళ్లున్నారు. 2018లో బ్రిటన్‌లో 450 మంది పుండు రోగుల మీద చేసిన పరీక్ష దీనికి జవాబిచ్చింది. కట్టుతో పాటు వెంటనే సిరను మూసినవాళ్లలో సగం మందికి 56 రోజుల్లో పుండు మానింది. కట్టు మాత్రమే కట్టి చికిత్స వాయిదా వేసినవాళ్లలో సగం మందికి మానడానికి 82 రోజులు పట్టింది. కూలి మీద బతికే ఇంట్లో ఆ 26 రోజులు ఎంతో ఆ ఇంటివాళ్లకే తెలుసు. కావలి ఏరియా ఆసుపత్రిలోనో నెల్లూరు సర్వజన ఆసుపత్రిలోనో సర్జన్‌కు చూపించండి. ఎన్టీఆర్ వైద్య సేవ కిందికి మీకు రాసిన చికిత్స వస్తుందో లేదో అక్కడి ఆరోగ్యమిత్రను అడగండి. డాప్లర్ స్కాన్ రాస్తే ఒక్కటి గుర్తుంచుకోండి. సిరలో రక్తం వెనక్కి జారుతోందా అని చూసే పరీక్షను మనిషిని నిలబెట్టి చేయాలి. పడుకోబెట్టి మాత్రమే చూస్తే జారే రక్తం కనిపించకపోవచ్చు.

చికిత్స అయ్యాక మళ్లీ అదే బల్ల దగ్గర అదే గచ్చు మీద ఎనిమిది గంటలు కదలకుండా నిలబడితే ఇంకో సిర ఉబ్బుతుంది. ఇక్కడ డాక్టరు చేయగలిగింది అయిపోతుంది, యజమాని చేయాల్సింది మొదలవుతుంది. ఇది దయాదాక్షిణ్యాల విషయం కాదు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 44వ సెక్షను, నిలబడి పనిచేయక తప్పని కార్మికులకు పని మధ్యలో వీలు దొరికినప్పుడు కూర్చునే ఏర్పాటు ఉండాలని చెప్పింది. 2020లో చేసిన వృత్తి భద్రత కోడ్ కూడా ఆ మాట నిలబెట్టింది. దుకాణాల్లో కేరళ ముందు నడిచింది. కోళికోడ్ బట్టల షాపుల ఆడవాళ్లు కూర్చునే హక్కు కోసం పోరాడాక 2018లో అక్కడి చట్టం మారింది. 2021లో తమిళనాడు అదే దారి పట్టింది. నెల్లూరు నుంచి మూడు గంటల దూరంలో ఉన్న చెన్నైలో సేల్స్ పిల్ల కోసం కుర్చీ వేయాలని చట్టం చెబుతున్నప్పుడు, మన రొయ్యల బల్లల దగ్గర స్టూలు లేకపోవడానికి నాకు కారణం కనిపించదు. తడి పని అంటారు, స్టూలు ప్లాస్టిక్‌దో స్టీలుదో అయితే కడిగేయొచ్చు. వేగం తగ్గుతుందంటారు, కాళ్లు లాగే మనిషి సాయంత్రం పూట ఎంత వేగంగా ఒలుస్తుందో వాళ్లకూ తెలుసు.

ఎలాంటి స్టూలన్నదీ చెప్పుకోవాలి. నిలబడి చేసే బల్లకు పొట్టి స్టూలు వేస్తే చేతులు అందవు, నెలలో మూలన పడుతుంది. బల్ల ఎత్తుకు తగ్గ పొడుగు స్టూలు కావాలి, పాదాలు ఆనించుకోవడానికి దాని కింద కడ్డీ ఉండాలి. లేకపోతే కాళ్లు వేలాడి, స్టూలు అంచు తొడ వెనక నొక్కి, పోయే రక్తాన్ని అక్కడ ఆపుతుంది. అరగంట కూర్చుని, అరగంట నిలబడి, గంటకోసారి ఐసు తేవడానికో పెట్టె మోయడానికో నాలుగడుగులు వేసేలా మేస్త్రీ పని పంచితే చాలు. జువ్వలదిన్నె షెడ్లలో ఇది చేయడానికి స్టూళ్ల ఖర్చు తప్ప వేరే ఖర్చు లేదు.